రొట్టెకు రెండో చెయ్యి

మనవరాలి నిశ్చితార్థం ఇంకా నాలుగు రోజులుందనగా మవ్జూదాకు కబురొచ్చింది. రొట్టె విరిచే వేళ ఆమె ఆడవాళ్లందరి ముందూ కూర్చుని, దేవుడొక్కడేనని ఒప్పుకునే కలిమా చదవాలి. చదవనంటే, ఆ ఇంట్లో తానసలు లేనట్టే ఉండాలి. రెండిట్లో ఏదో ఒకటి ఒప్పుకుంటేనే మగపెళ్లివారు గడప తొక్కుతారట.

కబురు మోసుకొచ్చింది కోడలు నోదిరా. అత్తగారు అప్పుడు పిండి పిసుకుతోంది. వింటూ కూడా చేతులు ఆపలేదు.

"ఈ మాట ఎవరన్నారు? వాళ్ల పెద్దావిడ ఖోజర్ అందా?"

"ఆవిడ కాదత్తయ్యా, మస్తూరా ఓతిన్. నమ్మకం వదిలేసినవాళ్ల చేత్తో విరిచిన రొట్టె తింటే ఆ కాపురం నిలవదందట. ఖోజర్ గారు విని, సరే అలాగే కానివ్వండి అన్నారట."

"మస్తూరాకు అక్షరాలు దిద్దబెట్టింది నేను. గొంతు లోపల్నుంచి పలకాల్సిన అక్షరం రాక ఏడాది పొడుగునా మేకపిల్లలా అరిచేది. ఇవాళ నా చేతికే తీర్పు చెబుతోంది."

"అదంతా ఇప్పుడెందుకు. మీరేమంటారో చెప్పండి. రేపటిలోగా మీ అబ్బాయి వాళ్లకు జవాబు చెప్పాలి."

"ముందు పిండి పొంగనీ" అంది మవ్జూదా.

ఇరవై ఏడేళ్లు ఆమె ఉజ్బెక్‌ల లోయలోని మర్గిలాన్‌లో ఆ పేటకు ఓతిన్. ఆడవాళ్ల మధ్య కూర్చుని గ్రంథం చదివే మనిషన్నమాట. బిడ్డను తొలిసారి ఉయ్యాల్లో పడుకోబెట్టాలన్నా ఆమె రావాలి, కొత్తకోడలి ముసుగు తీయాలన్నా ఆమె రావాలి, ఎవరైనా పోతే నీలం బట్టలు కట్టుకున్న ఆడవాళ్ల మధ్య ముందు చోటు ఆమెదే. ఆమె తల్లీ ఓతినే. రష్యావాళ్ల రాజ్యంలో ఈ చదువు నేరం కాబట్టి తలుపులు బిగించుకుని, బయట చెల్లెళ్ల చేత పట్టుపురుగులకు ఆకు తరిగిస్తూ, ఆ చప్పుడు చాటున కూతురికి చదువు చెప్పింది. అలా దొంగచాటుగా నేర్చుకున్న చదువు కాబట్టి మవ్జూదాకు అది ప్రాణం కంటే ఎక్కువ. ఆమె గొంతెత్తితే ఏడుపు రానివాళ్లకు కూడా వచ్చేది. అందుకే కాస్త ఏడుపు తక్కువైన ఇళ్లవాళ్లు ఆమెను అందరికంటే ముందు పిలుచుకునేవారు.

ఏడేళ్ల కిందట ఒక ఆరేళ్ల పిల్ల కాలవలో పడి చనిపోయింది. తల్లి ఏడవడం లేదు, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "ఎందుకిలా, ఓతిన్-ఆయి?" అని అడిగింది. మవ్జూదా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. అప్పటికి వందసార్లు చెప్పి ఉంటుంది. తనకు ఇష్టమైనవాళ్లను ఆయన ముందుగా తీసుకుపోతాడు తల్లీ అంది. ఆ తల్లి చాలా మెల్లగా, "అయితే మిగిలిన ఇద్దరినీ అసహ్యించుకోమని చెప్పు ఆయనకు" అంది.

ఆ మాట మవ్జూదా వెంట ఇంటికొచ్చి కూర్చుంది, మరి లేవలేదు. అంతవరకు ఆమెకు అరబ్బీలో చదవడమే వచ్చు, తన ఉజ్బెక్ భాషలో అర్థం ఏనాడూ వరసగా చదువుకోలేదు. ఇప్పుడు చదవడం మొదలుపెట్టింది. నాలుగేళ్లు చదివింది, చదివినదాన్నే మళ్లీ చదివింది. ఇమామును అడిగితే, అంత ఆలోచించకమ్మా, ఆడవాళ్ల బుర్రకు బరువు అన్నాడు. కొన్ని చోట్ల ఆమె కళ్లు చెమర్చాయి, కొన్ని చోట్ల పుస్తకం మూసి వాకిట్లో పచార్లు చేసింది. చివరికి ఆమెకు తేలింది ఒక్కటే. తాను ఇన్నేళ్లూ పిలిచిన దిక్కున వినేవాళ్లు లేరు. దానికి ఆమె సంబరపడలేదు. ఇంట్లో మనిషి పోయినట్టు నలభై రోజులు ఏడ్చింది. ఏడుపు అయ్యాక ఆకలేసింది, లేచి రొట్టె కాల్చుకుంది.

అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఏ గొడవా లేదు. ఆ పేటలో నమాజు మొహం చూడనివాళ్లు బోలెడుమంది. సీసా ఎత్తేవాళ్లూ ఉన్నారు. వాళ్లనెవరూ ఏమీ అనరు, ఎవరైనా కదిపితే "దేవుడు క్షమిస్తాడులే" అంటారు, అంతటితో సరి. మవ్జూదాకు ఆ లౌక్యం లేకపోయింది. తర్వాత ఎవరింట్లోనో చావుకు చదవమని పిలవడానికొచ్చిన ఆడవాళ్లతో ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"నాకు నమ్మకం పోయింది. వచ్చి చదివితే పోయిన మనిషిని మోసం చేసినట్టు."

"నమ్మకం సంగతి ఎవరడిగారు ఓతిన్-ఆయి? గొంతుందిగా" అన్నారు వాళ్లు.

"గొంతుంది. దాన్ని అబద్ధానికి అద్దెకివ్వను. రొట్టె మీద ఒట్టు."

ఆ లోయలో రొట్టె మీద ఒట్టేసి తప్పినవాళ్లు లేరు. వచ్చినవాళ్లు ముఖముఖాలు చూసుకుని లేచిపోయారు. వారం తిరక్కుండా పేటంతా పాకింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మూతులు తిప్పుకున్నారు. ఇరుగింటికి గిన్నెలో ఏదైనా పంపితే ఆ గిన్నె ఖాళీగా తిరిగి రాకూడదు, ఒక ద్రాక్షగుత్తో నాలుగు దానిమ్మపళ్లో వేసి ఇవ్వడం అక్కడి మర్యాద. ఆమె గిన్నెలు కడిగి బోర్లించి ఖాళీగా పంపారు. ఒకావిడైతే కడగను కూడా కడగలేదు. పట్టుదారానికి రంగులద్దే కార్ఖానాలో పనిచేసే కొడుకు ఇల్హోమ్‌ను మసీదు మెట్ల మీద ఆపి, మీ అమ్మకు మతి చలించిందని రాసిచ్చే డాక్టరు ఒక్కడూ దొరకలేదా అన్నారు. మతి చలించి వదిలేస్తే క్షమించవచ్చట, మతి ఉండి వదిలేస్తేనే తప్పట.

ఇలా మూడేళ్లు గడిచాయి. మవ్జూదా వాటిని లెక్కచేయనట్టే తిరిగింది, కొంతవరకు లెక్కచేయలేదు కూడా. కానీ ఈసారి ముడి పడింది మనవరాలితో. ఇరవై రెండేళ్ల ఓయ్‌దిన్‌ను ఎత్తుకుని పెంచింది ఆమే. పిల్ల షుఖ్రత్‌ను ఇష్టపడింది, వాడూ ఇష్టపడ్డాడు. ఇది రెండిళ్ల పెద్దలకూ తెలుసు, తెలియనట్టు ఉండటం మర్యాద. షుఖ్రత్ నాయనమ్మే ఖోజర్. ఒకప్పుడు ప్రతి చదువులోనూ మవ్జూదా పక్కన మోకాలికి మోకాలు ఆనించి కూర్చున్న మనిషి, మూడేళ్లుగా వీధిలో ఎదురైతే గోడవైపు చూసే మనిషి. ఇప్పుడా ఇద్దరు ముసలమ్మలూ ఎదురెదురుగా కూర్చుని, ఒకే రొట్టెను చెరోవైపు పట్టుకుని లాగాలి. అది విరిగితే సంబంధం ఖాయం, మళ్లీ వెనక్కి తీసుకోవడం ఉండదు. ఒంటిచేత్తో విరిస్తే చెల్లదు.

సాయంత్రం ఇల్హోమ్ పని నుంచి వచ్చాడు. మణికట్ల దాకా ఎర్రరంగు, ఎంత కడిగినా పోదు. తల్లి ఎదుట కూర్చుని చాలాసేపు ఆ చేతులే చూసుకున్నాడు.

"అమ్మా, నేను నిన్ను చదవమనను. చదవొద్దనీ అనను."

"మరి ఏమంటావురా?"

"ఏమీ అనను."

"చిన్నప్పుడూ అంతే. అటు తంతే ఇటు, ఇటు తంతే అటు. పోయి టీ తాగు."

వాడు బతికిపోయాననుకుని లేచాడు. వాడి చోట్లో నోదిరా వచ్చి కూర్చుంది. బజార్లో గుండీలూ లేసులూ అమ్మే మనిషి, బేరం ఎక్కడ మొదలుపెట్టాలో బాగా తెలుసు.

"అత్తయ్యా, ఒక్క మాట. కోపం తెచ్చుకోవద్దు. మీ లెక్కన అక్కడ వినేవాళ్లు లేరు కదా?"

"లేరు."

"లేనప్పుడు ఆ మాటలు ఉత్త గాలేగా. గాలి ఊదితే మీకేం పోతుంది? నా కూతురు సుఖపడుతుంది. లక్షసార్లు చదివిన మాటలు, ఇంకొక్కసారి చదవండి."

మూడేళ్లలో ఏ ఇమామూ అడగలేకపోయిన ప్రశ్న అది. మవ్జూదా తలగుడ్డ విప్పి, మళ్లీ మెడ వెనక ముడి వేసుకుంది.

"ఉత్త గాలి మీకు" అంది చివరికి. "పెదాలతో అనేసి, ఆ వెంటనే పలావులో మాంసం తక్కువైందని పోట్లాడుకుంటారు. నేను యాభై ఏళ్లు ఆ మాటల మీద బతికాను నోదిరా. ఒక్కసారి కూడా ఉత్తినే అనలేదు. నమ్మినన్నాళ్లూ అన్నాను, నమ్మకం పోయాక మానేశాను. ఇప్పుడు మీ కోసం ఉత్తుత్తినే అన్నాననుకో, అప్పుడు నమ్మి అన్నవి కూడా ఉత్తుత్తివే అయిపోతాయి. మా అమ్మ తలుపులేసుకుని నాకు నేర్పింది ఇందుక్కాదు."

"మరి మా పిల్ల పెళ్లి ఆగిపోతే?"

మవ్జూదా కిటికీ వైపు తిరిగింది. కిటికీ అవతల ఓయ్‌దిన్ కొళాయి దగ్గర కూర్చుని నమాజుకు ముందు వజూ చేసుకుంటోంది. చేతులు, ముఖం, కాళ్లు, వరస తప్పకుండా. ఆ వరస నేర్పింది తనే. పిల్ల నమ్మకం పిల్లది, దాని జోలికి ఆమె ఎన్నడూ పోలేదు. పిల్ల కూడా వాళ్ల నాయనమ్మ జోలికి రాలేదు.

"కలిమా చదవను" అంది. "ఇంట్లో లేనట్టు ఉండమన్నారుగా, ఉంటాను. వెనక గదిలో కూర్చుంటాను. నా బదులు నువ్వే రొట్టె పట్టుకో."

అన్నది గానీ ఆమెకు ఒళ్లు మండిపోయింది. తన ఇంట్లో, తన కొడుకు కూతురి శుభకార్యంలో, తాను దాక్కోవడం. నోదిరా ఆమె చేతిని కళ్లకద్దుకుంటే ఆ మంట ఇంకాస్త పెరిగింది.

మస్తూరా ఇంకో మెలిక కూడా పెట్టింది. నిశ్చితార్థం రోజు ఆ ఇంట్లో మవ్జూదా చేతి రొట్టె ఉండకూడదు. నోదిరా దానికీ తలూపి, ఆదివారం పొద్దున్నే బజారు నుంచి ఇరవై పాతిర్ రొట్టెలు తెచ్చింది. తెచ్చి, గుడ్డ విప్పి చూసి మూతి ముడిచింది. పాలిపోయి ఉన్నాయి, పొరలు విడలేదు, అంచు వేలితో నొక్కితే లేవడం లేదు. కూతురి నిశ్చితార్థానికి ఇలాంటి రొట్టె పెట్టి జీవితాంతం వియ్యాలవారి నోట పడటం కంటే నరకమే నయమనుకుందో ఏమో, వాటిని తీసుకుపోయి పెట్టెలో కుక్కి పెరట్లోకి వచ్చింది.

"అత్తయ్యా, తందూరు వెలిగించండి. ఎవరికీ చెప్పకండి."

"ఎవరికి చెబుతాను. నేను ఇంట్లో లేనుగా."

కొవ్వు రాసి పొరలు మడిచి, పిండిని చాచి, నడుమ ముళ్ల అచ్చుతో పువ్వు పొడిచి, నల్లజీలకర్ర చల్లి, భుజం దాకా తొడుగు వేసుకుని తందూరు గోడకు ఒక్కొక్కటే కొట్టింది మవ్జూదా. అరవై మూడేళ్ల మనిషి నిప్పు నోట్లో తలపెట్టి ఇరవై రొట్టెలు కాల్చింది. పేటలో సగం కొంపలకు వాసన పోయింది. అది ఎవరి రొట్టె వాసనో ముక్కున్న ప్రతివాళ్లకూ తెలుసు.

మగపెళ్లివారు పదింటికి వచ్చారు. మగవాళ్లు వాకిట్లో ద్రాక్షపందిరి కింద, ఆడవాళ్లు పెద్దగదిలో. పెళ్లికూతురు ఆ రోజు వాళ్ల కంట పడకూడదు కాబట్టి ఓయ్‌దిన్ కూడా వెనక గదిలోనే ఉంది. నడుమ ఒక పట్టుతెర, తెరకు అంగుళం సందు.

"ఇద్దరం ఒకే జైల్లో పడ్డాం నాయనమ్మా" అంది గుసగుసగా.

"నీది నాలుగు గంటల శిక్ష. నాది ఎప్పటికి తీరుతుందో."

పిల్ల నవ్వి ఊరుకుంది. కాసేపటికి నవ్వు పోయింది.

"నీకొకటి చెప్పాలి. ఈ మూడు రోజులూ నమాజులో ఒకటే అడిగాను. నా కోసం నువ్వు ఆ కలిమా చదివేలా చెయ్యమని."

"విన్నాడా మరి?"

"వెక్కిరించకు."

"వెక్కిరించడం లేదు. చెప్పు."

"ఇవాళ పొద్దున అడగడం మానేశాను. నా కోసం నువ్వు అబద్ధం ఆడితే, రేపు నువ్వేం చెప్పినా ఇది నిజంగా అంటున్నావా, నా కోసం అంటున్నావా అని చూసుకోవాలి. ఈ ఇంట్లో ఉన్నదున్నట్టు చెప్పేది నువ్వొక్కదానివే. నాన్న సంగతి తెలుసుగా. అమ్మ గుండీకి నాలుగు ధరలు చెబుతుంది. నువ్వు కూడా అలా అయిపోతే నేనెవర్ని అడగాలి?"

మవ్జూదాకు కళ్లు నిండాయి. దాచుకోలేదు. పిల్ల తలను భుజానికి ఆనించుకుని అలాగే కూర్చుంది.

తెర అవతల టీలు పోస్తున్నారు, మీగడ గిన్నెలు చేతులు మారుతున్నాయి.

"నోదిరా, ఈ రొట్టె ఎక్కడిది?" ఖోజర్ గొంతు అది.

"బజారుదే పెద్దమ్మా."

"ఏ బజారు?"

"పెద్దబజారు, పట్టుకొట్ల వెనకాల."

"అలాగా" అంది ఖోజర్. ఇంకో ముక్క తుంచుకుంది. మస్తూరా అయితే మాట్లాడే తీరికలో లేదు, మీగడలో ముంచి నాలుగో ముక్క తింటోంది. సందులోంచి చూస్తున్న మవ్జూదా నవ్వు ఆపుకోవడానికి తలగుడ్డ కొస నోట్లో కుక్కుకుంది.

తినడం అయ్యాక మస్తూరా గొంతు సవరించుకుంది. ఆమె గడ్డం కింద గుడ్డ చాలా బిగుతుగా చుట్టుకుంటుంది, దాంతో ముఖం ఎప్పుడూ కాస్త ఉబ్బి కోపంగా కనిపిస్తుంది.

"ఇక మంచి పని కానిద్దాం. రొట్టెను రెండిళ్ల పెద్దచేతులు పట్టాలి. ఈ ఇంట్లో పెద్దదిక్కు లేదు కాబట్టి ఆ చెయ్యి నేను వేస్తాను."

"నేను పట్టుకుంటానని కదా అనుకున్నాం" అంది నోదిరా.

"నువ్వు తల్లివి, పెద్దదానివి కావు. పైగా ఆ మనిషితో ఒకే గిన్నెలో తిన్నదానివి." మస్తూరా అరచేతులు పైకెత్తింది. "ముందు ప్రార్థన. ఈ ఇంటి పెద్దావిడను మనం పోగొట్టుకున్నాం. చీకట్లో కలిసిపోయింది. ఆవిడ లేని ఈ ఇంటి మీద దయ చూపు."

ఆ తర్వాత అరబ్బీలో ఎత్తుకుంది. పోయినవాళ్ల మీద చదివేది. ఆడవాళ్లంతా అరచేతులెత్తారు. మవ్జూదా తన చావు తాను వింది. మాట మాటకూ, విరుపు విరుపుకూ తాను నేర్పిన రాగమే. అందరూ ఆమీన్ అని ముఖాలు తుడుచుకున్నారు. కోడలు కూడా తుడుచుకుంది.

లేనట్టు ఉండటానికి ఒప్పుకుంది గానీ, చచ్చినట్టు ఉండటానికి ఒప్పుకోలేదు. మవ్జూదా లేచింది. లేచి, మనవరాలి వైపు తిరిగింది.

"నీ పెళ్లి చెడితే?"

ఓయ్‌దిన్ ముఖం తెల్లబోయింది. "చెడితే ఏడుస్తాను" అంది. "నీ ఒళ్లోనే ఏడుస్తాను. వెళ్లు."

తెర తొలగించుకుని వచ్చిన మనిషిని చూసి ఒకావిడ చేతిలో టీ ఒలికింది. మవ్జూదా నేరుగా గది మధ్యకు నడిచింది.

"నేనింకా పోలేదు" అంది. "కాస్త జరగండి."

జరిగారు. ఖోజర్ ఎదురుగా కూర్చుంది.

"మనం అనుకున్నది ఇది కాదు" అంది మస్తూరా.

"అనుకున్నట్టు గదిలోనే ఉన్నాను. బతికున్నదాని మీద చావు చదువు చదవాలని కూడా అనుకున్నామా? పైగా మూడో మాట దగ్గర గొంతు ఇంకా కిందికి దించాలి. ఎన్నిసార్లు చెప్పాను నీకు."

మూలన ఎవరో కిసుక్కున నవ్వి దగ్గులోకి మార్చారు. మస్తూరా ముఖం కందగడ్డయింది. మవ్జూదా తెల్లగుడ్డ మీద ఉన్న పెళ్లిరొట్టెను రెండు చేతుల్లోకి తీసుకుంది. భయం లేదని ఆమె అనుకోలేదు, ఉంది. దాన్ని అలాగే ఉండనిచ్చింది.

"ఖోజర్, డొంకతిరుగుడు నాకు రాదు. నేను కలిమా చదవను. ఇవాళ చదవను, పెళ్లినాడు చదవను, పోయేముందు మంచం మీద పడుకుని కూడా చదవను. నా మనవరాలు చదువుతుంది. రోజుకు ఐదుసార్లు, నమ్మి చదువుతుంది. నీ ఇంటికి వచ్చేది అది, నేను కాదు. దాని నమ్మకం అడుగు, అది చెబుతుంది. నాది అడగడానికి నీకేం పని? కానీ ఈ ఇంటికి పెద్దదాన్ని నేనే. ఈ వైపు చెయ్యి నాదే. ఆ వైపు వేస్తావో మానతావో నీ ఇష్టం."

రొట్టెను ముందుకు చాచింది. ఖోజర్ చేతులు ఒళ్లోనే ఉన్నాయి. ఖోజర్ పక్కనున్న కోడలు, పెళ్లికొడుకు తల్లి, తల తిప్పి మస్తూరా వైపు చూసింది.

"ముట్టుకోవద్దు ఖోజర్ ఆపా" అంది మస్తూరా. "ఎవరూ ముట్టుకోవద్దు. ఆ చెయ్యి తగిలిన రొట్టె నోట పెట్టుకుంటే ..."

"పెట్టుకున్నారు" అంది నోదిరా.

టీకెటిల్ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"పొద్దున్నించీ మీరు తిన్నదంతా మా అత్తయ్య చేతి రొట్టే. ఆవిడే పిసికింది, ఆవిడే కాల్చింది. బజారువి పెట్టెలో ఉన్నాయి, కావాలంటే చూపిస్తాను. అబద్ధం నేను చెప్పాను, ఆ పాపం నాది. మస్తూరా ఓతిన్, మీరు నాలుగు ముక్కలు తిన్నారు. మీగడతో."

గదిలో నమలడం ఆగిపోయింది. ఒకామె బుగ్గలో ముక్క అలాగే ఉండిపోయింది. రొట్టెను ఉమ్మడం ఆ లోయలో ఎవరి చేతా అయ్యే పని కాదు. కళ్లు మూసుకుని మింగేసింది. మస్తూరా లేచి, ఎవరి వైపూ చూడకుండా గబగబా వెళ్లి చెప్పులు వేసుకుంది. ఆమె వెనక ఐదుగురు లేచారు. వాకిట్లో మగవాళ్ల మాటలు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఇల్హోమ్ ఏదో అడిగాడు, వాళ్లు జవాబు చెప్పకుండా వెళ్లిపోయారు.

మవ్జూదా చేతులు చాచే ఉన్నాయి. భుజాలు నొప్పెడుతున్నాయి. నోదిరా వైపు ఒకసారి చూసింది, నోదిరా తల దించుకోలేదు. పద్దెనిమిదేళ్లు మస్తూరాకు చదువు చెప్పినందుకు లేని గర్వం, గుండీలమ్మే ఈ కోడలి మీద కలిగింది ఆమెకు.

ఖోజర్ ఇంకా కూర్చునే ఉంది. పెదవి అంచున అంటుకున్న నల్లజీలకర్ర గింజను వేలితో తీసుకుని నోట్లో వేసుకుంది.

"పట్టుకొట్ల వెనకాల బజారట" అంది. "ముసలిదాన్నయ్యాను గానీ నాలుక చావలేదే నోదిరా. మొదటి ముక్కకే తెలిసింది నాకు."

"తెలిసే తిన్నావా?" అంది మవ్జూదా.

"మూడేళ్లయింది నీ రొట్టె తిని. నాలుక ఆగలేదు, తినేసింది. చెయ్యి వెయ్యాలంటేనే భయమేస్తోంది."

"నాకూ భయంగానే ఉంది. చేతులు లాగేస్తున్నాయి కూడా. త్వరగా తేల్చు."

ఖోజర్ నవ్వలేదు. తన కోడలి వైపు చూసింది, తెర వైపు చూసింది. తెర కింద నుంచి ఓయ్‌దిన్ పాదాల వేళ్లు రెండు కనిపిస్తున్నాయి.

"వేస్తాను మవ్జూదా. మావాడు ఆ పిల్ల కావాలని నాలుగు రోజులుగా టీ కూడా సరిగా తాగడం లేదు, వాణ్ని ఏడిపించి నేను సాధించేదేముంది. పిల్లను బంగారంలా చూసుకుంటాను. కానీ ఒకటి విను. నీతో నాకు ఇంతే. నువ్వు పోయిన రోజున నేను రాను. మా ఇంటి మగాళ్లను పంపను. ఈ పేటలో ఎవరూ రారు. నీ జనాజా మోయడానికి నలుగురు దొరకరు, నీ మీద ఒక్క మాట చదివేవాళ్లుండరు. అందరి చావులకూ చదివిన మనిషివి, కుక్కలా పోతావు. ముందే చెబుతున్నాను."

ఆ మాట మవ్జూదాకు గుచ్చుకుంది. మూడేళ్లలో ఎవరూ ఇంత లోతుకు గుచ్చలేదు. ఎంతమంది చావుల దగ్గర ఎన్ని గంటలు కూర్చుందో ఆమెకు గుర్తొచ్చింది, మోకాళ్లు పట్టేసి లేవలేక లేచిన రోజులు గుర్తొచ్చాయి. ఊపిరి పీల్చుకుని, రొట్టెను ఇంకాస్త ముందుకు జరిపింది.

"నేను పోయాక ఎవరొచ్చారో, ఎవరు రాలేదో నేను చూడబోతానా ఖోజర్?" అంది. "బతికుండగా వచ్చావు. అది చూశాను. పట్టుకుని లాగు."

ఖోజర్ రెండు చేతులతో పట్టుకుని లాగింది.